వ్యాను బ్లోయరు మోటారు లోపనిర్ధారణ

బ్లోయరు మోటారు అనగా మోటారు వాహనంలో డ్యాష్‌బోర్డు వెనుక అమర్చబడి, లోపలికి గాలిని తోసే పంకాను తిప్పే చిన్న విద్యుత్ మోటారు. హీటరుకు, ఏసీకి, ముందు అద్దంపై ఆవిరిని తొలగించే గాలికి, మామూలు గాలికి కూడా ఇదొక్కటే ఆధారం. పాత వ్యానులలో దీనిని హీటరు మోటారు అని కూడా అంటారు. ఈ మోటారు ఆగిపోయినపుడు, లేదా ఆగిపోయినట్లు కనిపించినపుడు, దోషం నిజంగా మోటారులో ఉన్నదా, లేక దానికి కరెంటు అందించే మార్గంలో ఉన్నదా అని తేల్చుకొనే విధానమే లోపనిర్ధారణ. మోటారును మార్చిన తరువాత కూడా గాలి రాని సందర్భాలు తరచుగా ఎదురవుతాయి. కావున విడిభాగం కొనడానికి ముందే పరీక్ష చేయడం అవసరం.

పశ్చిమ ప్రకాశంలో దీని ప్రాధాన్యత

మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం ప్రాంతాలు వర్షాభావ ప్రాంతాలు. ఇక్కడ వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే. ఇటువంటి చోట వ్యానులో హీటరు ఎందుకు అనే ప్రశ్న సహజం. నిజానికి ఈ ప్రాంతపు వాహనాలలో హీటరు మీటను ఏడాది పొడవునా కదల్చని డ్రైవర్లు చాలామంది ఉంటారు. అయితే బ్లోయరు అవసరం వేడి కొరకు మాత్రమే కాదు.

ఈ ప్రాంతానికి పడమటి దిక్కున నల్లమల కొండలు ఉన్నాయి. గిద్దలూరు నుండి దిగువమెట్ట, గాజులపల్లె మీదుగా నంద్యాలకు పోయే దారి, దోర్నాల నుండి శ్రీశైలానికి పోయే ఘాట్ రోడ్డు, దోర్నాల నుండి ఆత్మకూరుకు పోయే అడవి దారి ఈ కొండల గుండానే సాగుతాయి. వానాకాలంలోను, కార్తీకమాసపు తెల్లవారుజాములలోను ఈ దారులలో బయటి గాలి చల్లగా, తేమగా ఉంటుంది. పదిమంది యాత్రికులు కూర్చున్న వ్యానులో అద్దాలు మూసి ఉంటే, వారి ఊపిరిలోని తేమ చల్లని ముందు అద్దంపై సన్నని నీటి పొరగా పేరుకొంటుంది. డ్రైవరు ఒక చేత్తో గుడ్డ పట్టుకొని తుడుస్తూ, రెండవ చేత్తో మలుపులు తిప్పవలసి వస్తుంది. ఎదుటి లారీ దీపాల వెలుగు ఆ పొరపై పడితే దారి పూర్తిగా కనబడదు. బ్లోయరు పనిచేస్తున్న వ్యానులో ఈ పొర కొద్ది నిమిషాలలో తొలగిపోతుంది. వేసవిలో ఏసీ గాలి రాకపోవడం అసౌకర్యమే గాని, ఘాట్‌లో అద్దం కనిపించకపోవడం ప్రాణాపాయం.

వైపరు పనిచేయనపుడు అద్దం వెలుపల పొగాకునో, కోసిన బంగాళాదుంపనో రుద్దడం డ్రైవర్లలో పాత అలవాటు. ఇది వాననీరు బిందువులుగా నిలవకుండా కొంతవరకు ఉపకరిస్తుంది. లోపలి ఆవిరికి మాత్రం ఇది మందు కాదు. లోపలి ఆవిరిని పోగొట్టడానికి రెండే మార్గాలున్నాయి. మొదటిది గాలిని వేడిచేసి అద్దంపైకి పంపడం, రెండవది ఏసీ కూలింగ్ కాయిల్ ద్వారా గాలిలోని తేమను తీసివేసి పంపడం. రెండింటికీ బ్లోయరు కావలసిందే.

చరిత్ర

తొలినాటి మోటారు కార్లలో లోపలి వేడికి ప్రత్యేక ఏర్పాటు ఉండేది కాదు. అమెరికాలోని నాష్ సంస్థ 1938 సంవత్సరపు కార్లలో వెదర్ ఐ అనే పేరుతో బయటి గాలిని వడగట్టి, ఇంజను నీటితో వేడిచేసి, పంకాతో లోపలికి పంపే పద్ధతిని ప్రవేశపెట్టింది. నేటి వాహనాలలోని ఏర్పాటుకు ఇది దగ్గర పోలిక గలది. జర్మనీకి చెందిన వోక్స్‌వ్యాగన్ వ్యాను తొలి నమూనాలలో ఇంజను గాలితో చల్లబడేది కావడంతో నీటి హీటరుకు అవకాశమే లేదు. ఇంజనును చల్లబరచిన వేడిగాలినే గొట్టాల ద్వారా ముందుకు పంపేవారు.

భారతదేశంలో మారుతి వ్యాను 1984లో వచ్చింది. తరువాత ఓమ్ని అనే పేరుతో ప్రసిద్ధి పొంది, 2019లో ఉత్పత్తి నిలిచిపోయింది. 2010లో వచ్చిన ఈకో, బజాజ్ టెంపో తయారుచేసిన మెటాడోర్, టెంపో ట్రావెలర్, టాటా వింగర్ వంటివి ఈ ప్రాంతపు రోడ్లపై పరిచితమైనవి. బజాజ్ టెంపో పేరు 2005లో ఫోర్స్ మోటార్స్‌గా మారింది. పాత మెటాడోర్లలో బ్లోయరుకు బదులు డ్యాష్‌బోర్డుపై బిగించిన 12 వోల్టుల చిన్న పంకా ఉండేది. దానికి, ఈ వ్యాసంలో చెప్పే బ్లోయరుకు సంబంధం లేదు.

నిర్మాణం

పాత వ్యానులలోని బ్లోయరు మోటారు సాధారణంగా 12 వోల్టుల డీసీ మోటారు. దాని ఉక్కు డబ్బా లోపలి గోడలకు శాశ్వత అయస్కాంతాలు అంటించి ఉంటాయి. మధ్యలో రాగి తీగ చుట్టిన ఆర్మేచరు తిరుగుతుంది. ఆర్మేచరు ఒక చివర కమ్యుటేటరు అనే రాగి పలకల వలయం ఉంటుంది. రెండు కార్బన్ బ్రష్షులు, అనగా మెకానిక్కులు కార్బన్లు అని పిలిచే ముక్కలు, స్ప్రింగుల ఒత్తిడితో ఈ వలయాన్ని తాకుతూ కరెంటును ఆర్మేచరుకు అందిస్తాయి. ఇరుసు రెండు చివరలా నూనె పీల్చుకొన్న కంచు బుష్షులు ఉంటాయి.

ఇరుసుకు బిగించిన పంకా మన ఇంటి సీలింగ్ ఫ్యాను వంటిది కాదు. ఉడుత చక్రం ఆకారంలో, చుట్టూ నిలువు రేకులతో ఉండే ఈ చక్రం మధ్య నుండి గాలిని పీల్చి అంచుల నుండి విసురుతుంది. ఎయిర్ కూలర్లలోని పంపు వేరు, పంకా వేరు అయినట్లే, ఇక్కడ కూడా వేడిని ఇచ్చే భాగం వేరు, గాలిని తోసే భాగం వేరు. వేడినిచ్చేది హీటరు కోర్. ఇది ఇంజను వేడినీరు ప్రవహించే చిన్న రేడియేటరు. ఈ భేదం లోపనిర్ధారణలో మొదటి మెట్టు. గాలి వస్తున్నది గాని వేడి రావడం లేదు అంటే బ్లోయరు మోటారు నిర్దోషి. గాలే రావడం లేదు అంటేనే ఈ వ్యాసంలోని పరీక్షలు వర్తిస్తాయి.

వేగ నియంత్రణ

బ్లోయరు స్విచ్చుకు మూడు లేదా నాలుగు వేగాలు ఉంటాయి. తక్కువ వేగాల కొరకు మోటారుకు వరుసగా రెసిస్టరు చుట్టలను కలుపుతారు. గరిష్ఠ వేగంలో మాత్రం రెసిస్టరును పూర్తిగా తప్పించి కరెంటు నేరుగా మోటారుకు చేరుతుంది. ఈ ఒక్క విషయం గుర్తున్న వానికి సగం రోగం చూడకుండానే తెలుస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకొనవచ్చు. మోటారు, రెసిస్టరు కలిసిన సర్క్యూటుకు 13 వోల్టులు అందుతున్నాయనుకొందాం. కనిష్ఠ వేగంలో 2 ఓముల రెసిస్టరు గుండా 4 ఆంపియర్లు ప్రవహిస్తే, ఓమ్ నియమం ప్రకారం రెసిస్టరు వద్ద 8 వోల్టులు ఖర్చవుతాయి. మోటారుకు మిగిలేది 5 వోల్టులు మాత్రమే. రెసిస్టరు 32 వాట్లను వేడిగా మారుస్తుంటే, మోటారు తీసుకొనేది 20 వాట్లే. అనగా నెమ్మదిగా తిరిగేటపుడు పనికి వాడేదానికన్నా వేడిగా పోయేదే ఎక్కువ. అందువలననే రెసిస్టరును బ్లోయరు గాలి తగిలే చోటనే అమర్చుతారు. ఆ గాలి తగ్గితే రెసిస్టరు ఎర్రగా కాలి, దానిపై ఉండే రక్షక ఫ్యూజు కరిగిపోతుంది.

లక్షణాలను బట్టి ఊహ

పరికరాలు తీయడానికి ముందు స్విచ్చును ఒక్కొక్క మెట్టుగా తిప్పి చూడాలి. గరిష్ఠ వేగంలో మాత్రమే తిరిగి, మిగిలిన వేగాలలో తిరగకపోతే రెసిస్టరు తెగిపోయినట్లు దాదాపు నిశ్చయం. ఇటువంటి సందర్భంలో మోటారు మార్చడం డబ్బు దండుగ. దీనికి విరుద్ధంగా చిన్న వేగాలలో తిరిగి గరిష్ఠ వేగంలో ఆగిపోతే, స్విచ్చులోని ఆ ఒక్క కాంటాక్టు, లేదా కొన్ని వాహనాలలో ఆ వేగానికి ప్రత్యేకంగా ఉండే రిలే అనుమానించదగినవి.

ఏ వేగంలోనూ తిరగక, మోటారు డబ్బాపై స్క్రూడ్రైవరు పిడితో మెల్లగా తట్టినపుడు తిరగడం మొదలైతే, కార్బన్లు అరిగిపోయి కమ్యుటేటరును సరిగా తాకడం లేదని అర్థం. అటువంటి మోటారు తట్టినన్నాళ్ళు పనిచేస్తుంది. ఎన్నాళ్ళో ఎవరూ చెప్పలేరు. ఘాట్ ప్రయాణానికి దానిని నమ్ముకోరాదు.

గుంతలు వచ్చినపుడు ఆగి, మళ్ళీ గుంతలు వచ్చినపుడే తిరిగితే లూజు కాంటాక్టు. కీచుమనే శబ్దం బుష్షు ఎండిపోయిందని తెలుపుతుంది. టకటకమనే శబ్దం పంకాలో ఆకో, కాగితమో చిక్కిందని తెలుపుతుంది. తీగ కాలిన వాసన వస్తే స్విచ్చును వెంటనే ఆపి, ఆ తరువాతే మిగిలిన ఆలోచన చేయాలి.

మోటారు శబ్దం బాగా వినిపిస్తూ గాలి మాత్రం రాకపోవడం మరొక తరహా. ఏసీ వ్యానులలో ఇది మధ్యాహ్నపు దూరప్రయాణాలలో కనిపిస్తుంది. కూలింగ్ కాయిల్‌పై మంచు గడ్డకట్టి గాలి దారి మూసుకొనిపోతుంది. బండిని అరగంట ఆపి, మంచు కరిగి నీరుగా కారిపోయిన తరువాత మళ్ళీ గాలి వస్తుంది. ఇక్కడ మోటారు చెడలేదు. అయితే మోటారు నెమ్మదించి గాలి తగ్గడం కూడా కాయిల్ గడ్డకట్టడానికి ఒక కారణమే కావున, రెండు వైపులా చూడాలి.

పరీక్షా క్రమం

మొదట ఫ్యూజు. ఫ్యూజు చూడడానికి బాగున్నట్లు కనిపించినా పక్కన పెట్టి మీటరుతో పరీక్షించాలి. అది కాలిపోయి ఉంటే అదే సంఖ్య గల మరొక ఫ్యూజు వేసి ఒకసారి చూడవచ్చు. వెంటనే మళ్ళీ కాలితే వైరు ఎక్కడో బాడీకి తగులుతున్నది, లేదా మోటారు బిగుసుకొన్నది. ఈ దశలో పెద్ద ఫ్యూజు వేయడం, లేదా ఫ్యూజు స్థానంలో రాగి తీగ చుట్టడం మన గ్యారేజీలలో కనిపించే అత్యంత ప్రమాదకరమైన అలవాటు. ఫ్యూజు కాపాడేది మోటారును కాదు, వైరింగును. ఫ్యూజు కాలకపోతే డ్యాష్‌బోర్డు వెనుక వైర్ల కట్ట కాలుతుంది.

రెండవది మోటారు కనెక్టరు వద్ద వోల్టేజి. చాలా వ్యానులలో మోటారు ఎడమవైపు ముందు సీటు ఎదుట, కాళ్ళు పెట్టే చోటికి పైన ఉంటుంది. కనెక్టరును తీయకుండా, స్విచ్చును గరిష్ఠ వేగంలో ఉంచి, వెనుక వైపు నుండి మీటరు పిన్నులను రెండు వైర్లకు తాకించాలి. బ్యాటరీ వద్ద ఎంత వోల్టేజి ఉన్నదో ఇక్కడ కూడా దాదాపు అంతే ఉండి, మోటారు తిరగకపోతే దోషం మోటారుదే. వోల్టేజి అసలు లేకపోతే, లేక సగమే ఉంటే, దోషం మార్గంలో ఉన్నది.

కనెక్టరును ఊడదీసి చూడడం ఎందుకు తప్పు అనే సందేహం విద్యార్థులకు రావచ్చు. పది పోగుల తీగలో తొమ్మిది తెగి ఒక్క పోగు మిగిలినా, కరెంటు ప్రవహించనంత వరకు మీటరు 12 వోల్టులు చూపిస్తుంది. మోటారు భారం పడినపుడే ఆ ఒక్క పోగు బలహీనత బయటపడుతుంది. కుళాయి కట్టి ఉన్నపుడు గొట్టంలో ఒత్తిడి ఉండి, తిప్పగానే సన్నని ధార మాత్రమే రావడం వంటిదే ఇది. కావున ఎప్పుడూ భారంతోనే పరీక్షించాలి. మీటరు లేని చోట 21 వాట్ల ఇండికేటరు బల్బుకు రెండు వైర్లు కట్టిన టెస్ట్ ల్యాంపు చక్కగా ఉపకరిస్తుంది. అది సుమారు 1.75 ఆంపియర్లు తీసుకొంటుంది కావున బలహీనమైన మార్గంలో మసకగా వెలుగుతుంది. చిన్న ఎల్‌ఈడీ టెస్టరుకు ఈ గుణం లేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. జపాను మూలం గల అనేక వాహనాలలో స్విచ్చు పాజిటివ్ వైపు ఉండదు. మోటారుకు తాళం తిప్పగానే పాజిటివ్ అందుతుంది, స్విచ్చు, రెసిస్టరు ఎర్తు వైపు ఉంటాయి. ఇటువంటి వ్యానులో టెస్ట్ ల్యాంపు ఒక కొనను బాడీకి తగిలించి, రెండవ కొనతో మోటారు వైరును తాకితే ల్యాంపు వెలుగుతుంది. కరెంటు వస్తున్నది, మోటారే చెడిందని అనుభవం లేనివారు తీర్పు చెబుతారు. నిజానికి స్విచ్చు ఎర్తు ఇవ్వకపోవడమే కారణం కావచ్చు. బాడీతో సంబంధం లేకుండా కనెక్టరులోని రెండు పిన్నుల మధ్యనే కొలిస్తే ఈ పొరపాటు జరగదు.

ఎర్తు దోషం

పాత వ్యానులలో సగం విద్యుత్ సమస్యలు ఎర్తు దగ్గరే ముగుస్తాయని చెబితే అతిశయోక్తి కావచ్చు గాని, ఎర్తును చివరగా చూడడం మాత్రం తప్పు. మోటారు గరిష్ఠ వేగంలో తిరుగుతుండగా మీటరు ఒక పిన్నును బ్యాటరీ నెగటివ్‌కు, రెండవ దానిని మోటారు ఎర్తు వైరు బాడీకి బిగించిన బోల్టు దగ్గర వైరు చివరకు తాకించాలి. 0.2 లేదా 0.3 వోల్టుల కన్నా ఎక్కువ చూపిస్తే ఎర్తు మార్గంలో తుప్పు లేదా వదులు ఉన్నది. బోల్టు విప్పి, ఉప్పుకాగితంతో రంగు, తుప్పు తొలగించి, గట్టిగా బిగిస్తే సరిపోతుంది.

చిన్న అవరోధం ఎంత నష్టం చేస్తుందో లెక్క వేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. కనెక్టరులో 0.1 ఓము అవరోధం ఏర్పడి, 12 ఆంపియర్ల కరెంటు ప్రవహిస్తే 1.2 వోల్టులు అక్కడే పోతాయి. అంతకన్నా ముఖ్యంగా 14 వాట్ల పైచిలుకు వేడి ఆ ఒక్క పిన్ను దగ్గర పుడుతుంది. వేలి గోరంత ప్లాస్టిక్ ఆ వేడికి కరగక తప్పదు. కరిగి గోధుమరంగుకు మారిన కనెక్టరు కనిపిస్తే, మోటారును మార్చినా మార్చకపోయినా కనెక్టరును మార్చి తీరాలి.

మోటారును బయటకు తీసి చూడడం

బ్యాటరీ నెగటివ్ వైరును ఊడదీసిన తరువాతే మోటారును విప్పాలి. సాధారణంగా మూడు స్క్రూలు తీస్తే పంకాతో సహా కిందికి వస్తుంది. మొదట చేతితో తిప్పి చూడాలి. మంచి మోటారు వేలితో తోస్తే కొంత తిరిగి మెల్లగా ఆగుతుంది. ఇసుక నమిలినట్లు తగులుతూ వెంటనే ఆగితే బుష్షులలో దుమ్ము చేరింది. ఇరుసు పక్కలకు ఊగితే బుష్షు అరిగింది.

తరువాత ఫ్యూజు గల వైరుతో బ్యాటరీ నుండి నేరుగా కరెంటు ఇవ్వాలి. మోటారును వైసులో బిగించి గాని, కాలితో అదిమి గాని పట్టుకోవాలి. మొదలయ్యేటపుడు అది చేతిలో నుండి ఎగిరిపడే బలం కలిగి ఉంటుంది. పంకా రేకుల దగ్గర వేళ్ళు ఉంచరాదు. నేరుగా ఇచ్చినా తిరగకపోతే ఇక సందేహం లేదు.

తిరిగినా నెమ్మదిగా తిరుగుతుంటే కరెంటును కొలవాలి. డీసీ కొలిచే క్లాంపు మీటరు మార్కాపురం వంటి పట్టణాలలో ఆటో ఎలక్ట్రీషియన్ల వద్ద ఉంటుంది. ఇందులో ఒక మంచి సూత్రం ఇమిడి ఉంది. డీసీ మోటారు తిరిగేటపుడు తనలో తాను వ్యతిరేక వోల్టేజిని పుట్టిస్తుంది. వేగం పెరిగేకొద్దీ అది పెరిగి, లోపలికి వచ్చే కరెంటును తగ్గిస్తుంది. బుష్షు బిగిసి వేగం తగ్గితే ఈ వ్యతిరేక వోల్టేజి తగ్గి కరెంటు పెరుగుతుంది. పూర్తిగా బిగిసి ఆగిపోతే మామూలు కరెంటుకు కొన్ని రెట్లు లాగుతుంది. కావున నెమ్మదిగా తిరుగుతూ ఎక్కువ కరెంటు తీసుకొంటే బుష్షు బిగుసుకొన్నదనో, ఆర్మేచరులో షార్టు ఉన్నదనో భావించాలి. నెమ్మదిగా తిరుగుతూ తక్కువ కరెంటు తీసుకొంటే కార్బన్లు అరిగినవి లేదా కమ్యుటేటరు నల్లబడింది. ఒకే లక్షణానికి రెండు వేర్వేరు కారణాలను విడదీసే పరీక్ష ఇదొక్కటే.

రెసిస్టరు ఒకసారి కాలి, కొత్తది వేసిన కొద్ది వారాలకే మళ్ళీ కాలితే కూడా ఈ పరీక్ష చేయించాలి. అధిక కరెంటు లాగే మోటారు తన ముందున్న రెసిస్టరును, స్విచ్చును, కనెక్టరును వరుసగా కాల్చుతుంది. అప్పుడు కాలినవన్నీ బాధితులు, దోషి మోటారు.

పలకల దుమ్ము, చింతాకు, ఎలుకలు

మార్కాపురం రాతపలకలకు ప్రసిద్ధి. బడులలో పలకల వాడకం తగ్గిన తరువాత ఇక్కడి రాయి ఇళ్ళ గోడలకు, నేలకు వాడే అలంకార పలకలుగా ఎగుమతి అవుతున్నది. గనుల దారులలోను, పలకల ఫ్యాక్టరీల చుట్టుపక్కల తిరిగే వ్యానుల బ్లోయరులో సన్నని బూడిదరంగు పొడి పేరుకొంటుంది. ఇది విద్యుత్తును ప్రవహింపజేయదు గాని గరుకైనది. బుష్షులోని నూనెతో కలిసి ముద్దగా మారి ఇరుసును అరగదీస్తుంది. పత్తి రవాణా చేసే బండ్లలో దూది నూగు ఈ పొడిని పట్టి ఉంచి పంకా రేకుల మధ్య గట్టిపడుతుంది. రేకుల సందులు మూసుకొన్న పంకా ఎంత వేగంగా తిరిగినా గాలిని విసరలేదు. మోటారు బలహీనపడిందని భావించి మార్చిన అనేక సందర్భాలలో పంకాను కడిగితే సరిపోయేది.

పలక రాతిలో క్వార్ట్జ్ ఉంటుంది. దాని సన్నని పొడిని దీర్ఘకాలం పీల్చడం ఊపిరితిత్తులకు హానికరం. అందువలన డ్యాష్‌బోర్డు వెనుక కంప్రెసరు గాలి కొట్టి, ఆ పొడిని వ్యాను లోపల ఎగరగొట్టడం మంచి పద్ధతి కాదు. పంకాను బయటకు తీసి తడి గుడ్డతో తుడవాలి, మెకానిక్కు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.

చింతచెట్టు నీడన నిలిపే వ్యానులకు మరొక బాధ. వేపాకు ముందు అద్దం కింది జాలీలో చిక్కుకొంటుంది గాని, చింతాకు సన్ననిది కావున జాలీ దాటి లోపలికి రాలుతుంది. వాన నీటితో కుళ్ళి, రెసిస్టరు చుట్టలపై పేరుకొని, గాలి తగలకుండా చేస్తుంది. ఎండినపుడు అంటుకొనే ప్రమాదం కూడా లేకపోలేదు. పంట కోతల తరువాత పొలాల పక్కన నిలిపిన బండ్లలో ఎలుకలు ఇదే చోట గూడు కట్టడం, వైర్లను కొరకడం మామూలే.

వేడి రాకపోవడం

గాలి బాగా వస్తూ వేడి మాత్రం రాకపోతే కారణాలు వేరు. కూలెంటు తగ్గడం, గొట్టాలలో గాలి బుడగ నిలవడం, థర్మోస్టాట్ తెరుచుకొని ఉండిపోవడం, హీటరు కోర్ మూసుకొనిపోవడం వీటిలో ముఖ్యమైనవి. పశ్చిమ ప్రకాశంలో చివరి కారణానికి ప్రత్యేకత ఉంది. ఈ ప్రాంతపు భూగర్భ జలాలు కఠినమైనవి, ఫ్లోరైడు సమస్యకు పేరుపొందినవి. కూలెంటుకు బదులు బోరు నీటిని ఏళ్ళ తరబడి రేడియేటరులో పోస్తే, టీ కాచే గిన్నెలో వలె తెల్లని పొక్కు కట్టి హీటరు కోర్ సన్నని గొట్టాలు మూసుకొనిపోతాయి. ఇక్కడ వేడి అవసరం తక్కువ కావున, హీటరు కోర్ కారడం మొదలైతే బాగుచేయక, దానికి పోయే రెండు రబ్బరు గొట్టాలను ఒకదానితో ఒకటి కలిపివేయడం కూడా ఉంది. పాత వ్యాను కొన్నవారు హీటరు పనిచేయలేదని మోటారును విప్పే ముందు, ఇంజను దగ్గర ఈ గొట్టాలను ఒకసారి చూడడం మేలు.

మరమ్మతు

కార్బన్లు విడిగా దొరికితే, మోటారు డబ్బా విప్పడానికి వీలైనదైతే మార్చవచ్చు. కమ్యుటేటరును సన్నని ఉప్పుకాగితంతో మెరుగుపెట్టి, రాగి పలకల మధ్య గాడులలో పొడి లేకుండా శుభ్రం చేయాలి. బుష్షుకు పలుచని మెషిన్ నూనె ఒకటి రెండు చుక్కలు చాలు. కొబ్బరినూనె, వంటనూనె కొద్ది రోజులకు జిగురుగా మారి మోటారును మరింత బిగిస్తాయి. నూనె ఎక్కువై కమ్యుటేటరుపై పడితే కార్బన్ పొడితో కలిసి కొత్త రోగం పుడుతుంది.

ఆర్మేచరు కాలితే రీవైండింగు చేయించడం కన్నా మోటారు మార్చడమే నయం. మార్చిన తరువాత గాలి మునుపటికన్నా తక్కువగా వస్తే మోటారు తిరిగే దిశను గమనించాలి. శాశ్వత అయస్కాంతపు మోటారుకు వైర్లు తారుమారైతే అది వెనుకకు తిరుగుతుంది. ఉడుత చక్రపు పంకా వెనుకకు తిరిగినా కొంత గాలిని ముందుకే తోస్తుంది. అందువలన తప్పు వెంటనే తెలియదు, కొత్త మోటారు నాసిరకమనే నింద మాత్రం వస్తుంది.

కొత్త వాహనాలలో భేదాలు

ఆటోమేటిక్ ఏసీ గల వాహనాలలో రెసిస్టరు స్థానంలో ట్రాన్సిస్టరు మాడ్యూలు ఉంటుంది. అది చెడితే అన్ని వేగాలూ ఒకేసారి పోవచ్చు, లేదా తాళం తీసినా మోటారు ఆగకపోవచ్చు. గరిష్ఠ వేగంలో మాత్రమే తిరగడం అనే గుర్తు వీటికి వర్తించదు. ఉత్తర అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు వాడే టయోటా సియెన్నా, హోండా ఒడిస్సీ వంటి మినీవ్యానులలో క్యాబిన్ ఫిల్టరు కూడా ఉంటుంది. సున్నాకు దిగువ ఇరవై డిగ్రీల చలిలో బ్లోయరు ఆగితే అద్దం లోపలి ఆవిరి మంచుగా గడ్డకడుతుంది, గుడ్డతో తుడిచినా పోదు. అక్కడ కూడా మొదట చూడవలసినది ఫిల్టరు, ఫ్యూజు. మోటారు ఆ తరువాతే.

జాగ్రత్తలు

గ్యాసుతో నడిచే వ్యానులలో లోపల గ్యాసు వాసన ఏమాత్రం ఉన్నా బ్లోయరు స్విచ్చు వేయరాదు. కార్బన్లు కమ్యుటేటరును తాకే చోట ఎల్లపుడూ సన్నని నిప్పురవ్వలు ఉంటాయి. తలుపులన్నీ తెరిచి, సిలిండరు వాల్వు కట్టి, గ్యాసు పోయిన తరువాతే విద్యుత్ పరీక్షలు చేయాలి. ఎయిర్‌బ్యాగ్ గల వాహనాలలో డ్యాష్‌బోర్డు విప్పే పనిని తెలిసినవారికే అప్పగించాలి.

దోర్నాల-శ్రీశైలం దారిలో రాత్రివేళ రాకపోకలపై అటవీశాఖ ఆంక్షలు ఉన్నందున, ఆలస్యంగా చేరిన వాహనాలు తెల్లవారే వరకు ఆగిపోతాయి. ఆ చలిలోనో, ఉక్కపోతలోనో అద్దాలు మూసి, ఇంజను నడుపుతూ, బ్లోయరు వేసుకొని నిద్రించడం ప్రాణాంతకం కాగలదు. ఆగి ఉన్న వ్యాను కింద పొగగొట్టం ఏమాత్రం కారుతున్నా, కార్బన్ మోనాక్సైడ్ వాయువును బ్లోయరే లోపలికి పీల్చి నింపుతుంది. ఈ వాయువుకు రంగు గాని, వాసన గాని లేదు. తలనొప్పి, మగత దాని తొలి గుర్తులు, నిద్రలో ఉన్నవారికి అవి తెలియవు. ఇటువంటి చోట ఇంజనును ఆపి, అద్దాలను కొద్దిగా దించి పడుకోవాలి. తెల్లవారి బయలుదేరే ముందు అద్దంపై ఆవిరి ఉంటే ఇంజను వేడెక్కే వరకు ఆగి, బయటి గాలి లోపలికి వచ్చే స్థితిలో మీటను ఉంచి, గాలిని అద్దం వైపు తిప్పి, పొర పూర్తిగా తొలగిన తరువాతే ఘాట్ ఎక్కాలి.